అక్కకు చదివి వినిపించని కాగితం

రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాస్తున్న ఆయనకు ‘చదువుతా వినండి’ అని పేరు పడిపోయింది. ఎవరొచ్చినా సంతకానికి ముందు కాగితమంతా గట్టిగా చదివి వినిపిస్తాడు. విసుక్కునేవాళ్లకు ఒకటే మాట: “పవర్ ఆఫ్ అటార్నీ అంటే మీ చెయ్యి ఇంకొకరికి అరువివ్వడం. ఆ చెయ్యి ఏమేం చెయ్యొచ్చో విని మరీ ఇవ్వండి.”

అంతటి మనిషీ సొంత అక్క దగ్గర బోల్తా కొట్టాడు. దీపం కిందే చీకటి మరి.

అక్కకు కళ్ల ఆపరేషన్. నాలుగు నెలలు కూతురి దగ్గరుండాలి. ఈలోగా ఇంటి వెనక గదుల్లో అద్దెకున్నవాళ్ల సంగతి ఆమె మరిది చూసుకోవాలి. “దానికో కాగితం రాసిపెట్టరా” అంది. ఆ ఒక్క పనికైతే అరపేజీ చాలు. ఆ రోజు వరండా నిండా జనం. ఆయన కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉన్న పవర్ ఆఫ్ అటార్నీ నమూనా తీసి, పేర్లు మార్చి, అచ్చు తీశాడు. మన అక్కే కదా అని చదవలేదు. మసకబారిన కళ్లతో ఆమె, తమ్ముడు వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసింది.

ఆ నమూనాలో ఆరో పేరా, ఇల్లు అమ్మే అధికారం.

నిన్న అద్దెకున్నావిడ ఫోన్ చేసింది, ఎవరో వచ్చి ఇల్లు కొలుస్తున్నారని. పొద్దున్నే ఆయన అక్కను కూతురింటి నుంచి ఆటోలో తీసుకొచ్చి రద్దు దస్తావేజు రాశాడు. ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఈలోపే జరిగిపోయిన అమ్మకాన్ని ఆ రద్దు వెనక్కి తిప్పదు. ఆఫీసు గుమస్తా రికార్డు చూసి తల అడ్డంగా ఊపాడు.

“అమ్మకం మొన్ననే అయిపోయింది గురువుగారూ. పక్క ఊరి ఆఫీసులో.”

ఆయనకు మరిది మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది. “కోర్టుకెళ్దాం అక్కా, వాణ్ణి వదలను” అన్నాడు.

అక్క బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి ఆ పవర్ కాగితం నకలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఊళ్లోవాళ్లందరికీ చదువుతావటగా. నాకూ చదువు.”

చదివాడు. ఆరో పేరా దగ్గర ఆగాడు.

“ఆగావేం?” అంది. అదీ పూర్తయ్యాక, “ఇది వినుంటే సంతకం పెట్టేదాన్నారా?” అని మెల్లగా అడిగింది.

కాగితంలో ఇంకొక్క వాక్యం మిగిలింది, నమూనాలో ఎప్పుడూ ఉండేదే. కింద ఆయన సంతకం. ‘పై విషయాలన్నీ చదివి వినిపించగా, అర్థం చేసుకుని సంతకం చేయడమైనది.’

అది కూడా చదివాడు.