కొసరు లేని అంగడి

హిందూపురంలో మా స్టోరు తెరిచిన రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది. కొనడానికి మాత్రం ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు వాకిట్లో చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని, అరలన్నీ ఒక చుట్టు చుట్టి, మళ్లీ చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయారు. ఒక పెద్దాయన పోతూ పోతూ బెల్లం అచ్చులకు దండం కూడా పెట్టాడని నాకు ఇప్పటికీ అనుమానం.

అది సహకార సంఘం వాళ్ల స్టోరు. తూకాలు శేర్ల నుంచి కిలోలకు మారి ఇంకా ఎంతో కాలం కాలేదు. అనంతపురం నుంచి వచ్చిన మేనేజరు ఏదో పెద్ద పట్నంలో చూసొచ్చిన పద్ధతి ఇక్కడ పెట్టాడు. పప్పుబ్యాళ్లు, చక్కెర, చింతపండు ముందే తూచి, కాగితం పొట్లాలు కట్టి అరల్లో పేర్చాలి. కావలసినవి జనమే తీసి బుట్టలో వేసుకొని వాకిలి దగ్గరి బల్ల మీద పెట్టాలి. ఆ బల్ల వెనక కూర్చొని బిల్లు రాసేది నేను. ఎస్సెల్సీ పాసై, అవ్వ ఇంట్లో ఉంటూ, కుర్చీ వేసుకొని అంగట్లో కూర్చున్నానని లోలోపల తెగ మిడిసిపడేదాన్ని.

గుడిబండ దగ్గర మా ఊళ్లో ఉన్న నాయనకు ఇది నచ్చలేదు. మెట్ట సేద్యం చేసుకొనే మనిషి. కూతురు అంగట్లో కూర్చుందంటే నలుగురిలో తలెత్తుకోలేనని ఆయన బాధ. అడిగినవాళ్లకు నేను అవ్వకు తోడుగా ఉన్నానని చెప్పేవాడు. ఒకసారి బస్సు దిగి నేరుగా అవ్వ ఇంటికొచ్చి తేల్చేశాడు.

"శెనక్కాయలు పీకేదాకా చూస్తా. ఆలోపల ఆ అంగడి నిలబడితే సరే. లేదంటే నా వెంట ఊరికి రావల్ల. మళ్లా మాట్లాడేది లేదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నిలబడతాది నాయనా, చూస్తాండు" అన్నాను. ఊరికి పోతే మళ్లీ బయటికి రానని నాకు తెలుసు.

అంగడి నిలబడే సూచనలేమీ లేవు. మావాళ్లకు అంగట్లో సరుకు ముట్టుకోవడం మర్యాద కాదు. వాకిట్లో నిలబడి అడిగితే అంగడాయనే తూచి ఇస్తాడు. మా స్టోరులోనూ అర ముందు నిలబడి, చేతికందే పొట్లాన్ని చూపిస్తూ, ఆ మూల నుంచి నన్ను కేకేసేవారు.

"పాపా, ఆ కందిబ్యాళ్లు ఇయ్యి మే!"

"మీరే తీసుకోండమ్మా."

"మాకెందుకు తల్లీ ఆ పని? దొంగతనం అంటగడితే?"

ఆ భయమైనా కొన్నాళ్లకు తగ్గింది. తగ్గనిది కొసరు. తూకమయ్యాక అంగడాయన పిడికెడు తీసి పైన వెయ్యాలి. అది బేరమూ కాదు, దానమూ కాదు. "ఏమప్పా, కొసరు?" అని వీళ్లు అడగడం, "యేస్తాండాలేమ్మా" అని ఆయన విసుక్కోవడం, ఆ సందులోనే పిల్లల జ్వరాల గురించీ రాని వానల గురించీ రెండు మాటలు నడవడం, అదంతా కలిపితే కొసరు. కట్టేసిన పొట్లానికి కొసరు ఎక్కడ వెయ్యాలి? మాకు ఎదురుగా ఉన్న పాత అంగడిలో తక్కెడ ఎటు మొగ్గుతుందో ఊరందరికీ తెలుసు. అయినా అక్కడికే పోయేవారు. చివరికి మా అవ్వ కూడా!

"మీ తూకం సరిగ్గానే ఉండాదిలే. కొసరు లేకుండా వట్టి చెయ్యి ముడుచుకొని ఎట్ల వచ్చేదే?" అంది. సొంత మనవరాలి అంగడిని కాదని ఎదురంగడికి పోయే ముసలిదాన్ని ఏమనాలి? ఆమెతో కొట్లాడాను.

మేనేజరుతోనూ కొట్లాడాను.

"కొసరు అనేది రూల్సులో లేదమ్మా" అన్నాడు ఆయన.

"రూల్సులో లేకపోతేనేం, జనం నోట్లో ఉంది సార్."

"లెక్కలో ఎంత అని రాయమంటావు?"



శెనక్కాయలు పీకడం అయిపోయింది. నాయన వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వచ్చి చూశాడు. గట్టిగా లెక్కపెడితే నలుగురున్నారు. నా చెయ్యి పట్టుకొని బస్సు ఎక్కించడమే తరువాయి అన్నట్టుంది ఆయన ముఖం. అమ్మ చక్కెర తెమ్మన్నదట. ఎట్లాగూ వచ్చాను కదా అని ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. బిల్లు రాశాను, డబ్బులిచ్చాడు. ఇచ్చాక చెయ్యి వెనక్కు తీసుకోలేదు. అరచెయ్యి చాచి నా ముందు అలాగే పెట్టాడు. కావాలని కాదు. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి నాయన కంటే ముందే అడిగేసింది.

లోపలున్నవాళ్లంతా ఆగిపోయి చూస్తున్నారు. బల్ల కింద డబ్బాలో చినిగిన పొట్లాల చక్కెర ఉంది. కాగితం పొట్లాలు రోజూ కొన్ని చినిగేవి. వాటిని అమ్మకూడదు, పారేయకూడదు. మరేం చెయ్యాలో ఏ రూలూ చెప్పలేదు. మేనేజరు చూస్తుండగానే అందులోంచి పిడికెడు తీసి నాయన చేతిలో పోశాను. ఉద్యోగం ఎట్లాగూ పోయేదే, కన్నతండ్రి చాచిన చేతిని వట్టిగా పంపలేను అనుకున్నాను.

నాయన ఆ చక్కెర నోట్లో వేసుకున్నాడు. వెనకున్న ఒకామె గబగబా ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టి, "నాకూ పెట్టు మే" అని చెయ్యి చాచింది. ఆమె వెనక ఇంకొకామె. మేనేజరు బల్ల దగ్గరికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన డబ్బాలోకి తొంగి చూశాడు.

"మంచి గిన్నె ఒకటి తెప్పిస్తాను. ఈ డబ్బా బాగోలేదు" అన్నాడు.

"ఉగాది దాకా చూస్తాలే" అని నాయన ఒక్కడే బస్సెక్కాడు.

ఆ గిన్నె తర్వాత జనం ఆగలేదు. చినిగిన పొట్లాలు చాలక మేనేజరు కొసరు కోసమే ఒక మూట తెప్పించేవాడు. లెక్కలో దానికి ఏ పేరు పెట్టాడో నాకు తెలియదు. పక్క గది గోడ పగలగొట్టి కలిపి, అందులో ధర్మవరం చీరలు పెట్టారు. పెనుకొండ వాళ్లు రైల్లో వచ్చి సరుకులు పట్టుకుపోతుంటే అక్కడా ఒక స్టోరు తెరిచారు. అక్కడి బల్ల దగ్గరి అమ్మాయికి పని నేర్పడానికి నేనే పోయాను. మొదట నేర్పింది పిడికెడు అంటే ఎంతో. ఎదురంగడాయన అంగడి మూసుకోలేదు, తక్కెడ సరిచేసుకున్నాడు.

నాయన గడువు మాత్రం ఉగాది నుంచి శెనక్కాయలకు, శెనక్కాయల నుంచి ఉగాదికి జరుగుతూ పోయింది. ఆయన వచ్చిన ప్రతిసారీ నేను నవ్వుతూనే పలకరించేదాన్ని, గడువు మాట ఎత్తేలోపలే చేతిలో చక్కెర పోసేదాన్ని.

బడులు తెరిచే రోజుల్లో ఒక పొద్దున నాయన స్టోరు వాకిట్లో కనిపించాడు. వెనక నా చెల్లెలు. ఐదో తరగతితో బడి మాన్పించి గొర్రెల వెంట పంపిన చెల్లెలు. తలకు నూనె కారేట్టు రాసి, జడ బిగించి అల్లారు. నన్ను తీసుకుపోవడానికే ఇద్దరూ వచ్చారనుకున్నాను. నాయన బల్ల దగ్గరికి వచ్చి, అంగడంతా వినబడేట్టుగా అన్నాడు.

"పాపా, దీన్ని ఈడ పెద్దబళ్లో చేర్పించు. అవ్వ ఇంట్లో ఉంటాది."

"మరి నా గడువు నాయనా?" అన్నాను.

"యాంది గడువు? నువ్వు ఊరికొచ్చేస్తే దీన్ని ఈడ ఎవురు చూసేది?"