గంజి పెట్టిన టమాటా చెట్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఎక్కడైనా ఏదైనా తెలియకపోతే, అది తెలుసుకోదగ్గది కాదని మాత్రం గట్టిగా తెలుసు. ఇంత జ్ఞానం వెంటబెట్టుకుని ఉట్నూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. మాది మెట్‌పల్లిలో నేతపని ఇల్లు. సాంచాల (మరమగ్గాల) చప్పుడు లేకపోతే నిద్రపట్టని కొంప. నేను బట్టల సంచి సర్దుకుంటుంటే బాపు గడపలో నిలబడి, "నీ పానమే నీకు సూసుకోరాదు, గా అడివిల ఎట్ల బతుకుతవురా? జర సూస్త. నడవకుంటె సప్పుడు జెయ్యక వచ్చి సాంచ మీద కూసో" అన్నాడు. సాంచ మీద కూర్చోకుండా ఉండటమే అప్పటికి నా జీవితాశయం. అందుకే అద్దె గది వెనక కాసిని టమాటా మొక్కలు నాటి, ఫోన్‌లో "కూరగాయలు కొనుడే లేదు బాపూ, పెరట్లనే పండిస్తున్న" అని కోతలు కోశాను (అప్పటికి ఒక్క పువ్వు కూడా పూయలేదు). బాపు "గట్లనా! ఐతె ఈ ఐతారం వచ్చి సూస్త" అన్నాడు.

ఉట్నూరు చలి మామూలుగా ఉండదని ఆఫీసువాళ్ళు ముందే చెబితే, నా మట్టుకు నేను ఒక రగ్గు కొనుక్కుని నిశ్చింతగా ఉన్నాను. మొక్కలకూ చలి వేస్తుందన్న సంగతి తట్టలేదు. శనివారం పొద్దున లేచి చూస్తే ఆకులన్నీ నల్లబడి, ఉడకబెట్టిన పాలకూరలా వేలాడుతున్నాయి. గది అద్దెకిచ్చిన ఇంటి యజమానురాలు మరాఠీ మనిషి, అందరం మౌశీ (పిన్ని) అనేవాళ్ళం. ఆమె వచ్చి చూసి, "అరే బాబా, మంచు గొట్టింది. ఆకులు ముట్టకు. మొదట్ల జరన్ని నీళ్ళు పోసి ఊకో. కిందికెల్లి మల్ల చిగురొస్తది" అంది. "రేపటికి వస్తదా మౌశీ?" అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

రేపు బాపు వస్తున్నాడు. అప్పుడు నాలో నేత రక్తం మేల్కొంది. మా ఇంట్లో వాలిపోయిన దేన్నయినా నిలబెట్టే మందు ఒక్కటే, గంజి. నూలు మెత్తబడితే గంజి, ధోవతి నలిగితే గంజి (జ్వరం తగిలి నేను వాలిపోయినా అవ్వ ఇచ్చింది గంజే). ఇంక ఆలోచించేదేముంది? గంజి చిక్కగా కాచి చల్లార్చి, ఒక్కో ఆకునూ అరచేతుల మధ్య సాపుచేసి పట్టించి, ఆరేదాకా పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి చెట్లు నిజంగానే నిలబడ్డాయి! గోడమీంచి మౌశీ తొంగిచూసి, "ఇగ ఇస్త్రీ గూడ జేస్తవా?" అంది. పాపం, ఆమెకు నేతపని ఏం తెలుసని నవ్వుకున్నాను.

ఆదివారం బాపు బస్సు దిగి వచ్చేసరికి ఊళ్ళోని చీమలన్నీ నా తోటలోనే ఉన్నాయి. ఆకులకు అంటుకున్న మెతుకుల కోసం మౌశీ కోళ్ళు ఎగురుతున్నాయి. బాపు గొంతుక్కూర్చుని, బట్ట నాణ్యం చూసినట్టు ఒక ఆకును రెండు వేళ్ళతో రాశాడు. అది అప్పడంలా విరిగింది. ఇంక సంచి సర్దుకోవడమే మిగిలిందనుకున్నాను.

"గంజి జర చిక్కగైందిరా" అన్నాడు బాపు.

తర్వాత బకెట్‌తో నీళ్ళు తెమ్మని, తన తువ్వాలు తడిపి కాండాలన్నీ మెల్లగా తుడిచాడు. సంచిలోంచి నూలు కండె తీసి (ఎక్కడికి పోయినా అది వెంట ఉండాల్సిందే), తెగిన పోగు అతికేంత శ్రద్ధగా ఒక్కో మొక్కనూ పుల్లకు కట్టాడు. నిజానికి మొక్కల గురించి ఆయనకూ ఏమీ తెలియదు. ఉండబట్టలేక, "బాపూ, నేను సాంచ మీదికి రాను" అన్నాను.

ఆయన ఆఖరి ముడి వేసి లేచాడు. "సచ్చినదాన్ని నిలవెట్టెతందుకు గింత తిప్పల పడ్డోనివి, నీ బతుకు నువ్వు నిలవెట్టుకోవా? ఈడనే ఉండు" అన్నాడు.

కొన్నాళ్ళకు మౌశీ చెప్పినట్టే అడుగు నుంచి చిగురు వచ్చింది. ఇప్పుడు కరీంనగర్‌లో మా డాబా మీద కుండీలున్నాయి. చలి ముదిరితే గోనెపట్టాలు కప్పి, పొద్దున్నే తీసి, ఓపిక పడతాను. అయినా ఏ మొక్కయినా తల వాల్చిందంటే నా కాళ్ళు వంటింటి వైపే పోతాయి. "కుక్కర్‌ల గంజి యాడికెల్లి వస్తది?" అని మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వి, నూలు కండె తీసుకుని పైకి వెళతాను.