పిన్ని అరచేతిలో పెంటిక

జీర్ణవ్యవస్థ గురించి ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పినా, ఆ పాఠం నాకే అరగలేదు. రిటైరయ్యాక చోడవరంలో ఒక మేకనీ, ఒక గొర్రెనీ కొన్నాను. రెండూ నెమరేసేవే గదా అని, చెరకుతోట గట్టు మీది ఎండుగడ్డే రెండింటికీ వేశాను. మేక నిగనిగలాడింది. చూలుతో ఉన్న గొర్రె మాత్రం లేవలేకపోయింది.

పక్కింటి పిన్ని వచ్చి గొర్రెని చూడలేదు, దాని పెంటికల దగ్గర కూర్చుంది. ఎవరి జీవానికి జబ్బు చేసినా ఆవిడ ముందు చూసేది వాటినే. ఒకటి అరచేతిలో చిదిపి చూపించింది. నిండా నలగని గడ్డిపుల్లలే.

"సూడు బాబూ, తిన్నది తిన్నట్టే వచ్చీసింది. మేకయితే ఎండుపుల్లనీ అరిగించుకుంటాది. పచ్చగడ్డెయ్యి, అప్పుడు అరగడంలో రెండూ ఒకటే. సదువు సెప్పినోడివి, ఇదీ నేనే సెప్పాలేటి?"

పది రోజులు తనే పచ్చగడ్డి కోసి తెచ్చి, పిడికెడు పిడికెడుగా తినిపించింది. గొర్రె లేచి నిలబడింది.

ఆ నెలలోనే పిన్ని కూతురొచ్చి ఆవిణ్ణి తనతో ఉండమని గాజువాక తీసుకుపోయింది. నన్ను తిట్టే మనిషి లేక మా దొడ్డి బోసిపోయింది.

నిన్న ఫోన్ చేసింది.

"గొర్రె ఈనిందేటి బాబూ?"

"ఈనింది పిన్నీ."

"పోతుపిల్లా, ఆడపిల్లా?"

ఆవిడకి తెలియనిది, నాకు తెలిసినది ఇన్నాళ్లకి ఒకటి దొరికింది.

"బస్సెక్కి వచ్చి చూసుకో" అని ఫోన్ పెట్టేశాను.