బరాత్‌ల మోగిన కాలేజీ సీడీ

మేడ్చల్ మొత్తంల హిప్‌హాప్‌ను మొదలు గుర్తువట్టినోన్ని నేనే. అసుంటి చెవులు ఇంకెవ్వరికి లేకుండె.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల నాకు మైకుసెట్టు దుకాణం ఉండె. రావల్కోల్‌ల మా బామ్మర్ది కొడుకు పెండ్లి బరాత్‌కు బాక్సులు నావే. పాట ఆగితే అత్తగారి ఊర్లె ఇజ్జత్ పోతది.

కాసేపు డప్పులోళ్లు, కాసేపు నా బాక్సులు. నా వంతు రాంగనే ప్లేయర్ నొక్కిన. సినిమా పాట రాలే. డప్పు దరువు మీద సాక్సాఫోన్, వెనుక ఖవ్వాలీ చప్పట్లు, నడుమ ఒక పోరడు లొల్లి పెట్టుకున్నట్టు గడగడ మాట్లాడుతుండు.

నిజం చెప్పాలె. అది హిప్‌హాప్ అని నాకప్పుడు తెల్వదు. ముందురోజు కండ్లకోయ కాలేజీ ఫంక్షన్‌కు సెట్టు కిరాయికిచ్చిన. అక్కడి పిల్లలు సొంతంగ చేసుకున్న సీడీని నా ప్లేయర్‌లనే మరిచిపోయిన్రు.

బామ్మర్ది ఉరికొచ్చిండు. "బావా, గిదేంది? పెండ్లిల పంచాయితి పెట్టినవు."

అంతల అలుపు తీర్చుకుంటున్న డప్పులోళ్లు లేచిన్రు. బాక్సులల్ల ఎవరిదో డప్పు మోగుతుంటే ఊకుంటరా? పోటీకి దిగిన్రు. పెండ్లికొడుకు జీపు దిగి ఎగిరిండు. సంగీతం విలువ తెలిసినోన్ని కాబట్టి నేను సీడీ మార్చలే. తెల్లారి దుకాణంల కూసోని మొత్తం విన్న, ఇప్పటికీ వింట.

ఇదంతా చదివి మా ఇంటామె అన్నది: "మార్చకపోవుడేంది? మూత ఇరుక్కపోయింది. స్క్రూడ్రైవర్ వెట్టి పొడిసినా సీడీ బయటికి రాలే, గంతే."