చదివి వినిపించాకే

ఆ అమ్మాయి ఎవరి గురించి రాసినా, ముందు వాళ్లకు చదివి వినిపించాకే మా పత్రికకు ఇచ్చేది. తొంభైల్లో గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి సంతోష్‌నగర్‌లో అద్దెకుండేది. ఆదివారం పేజీ చూసేవాణ్ని నేను. లాడ్ బజార్‌లో లక్కగాజులు చేసే ఒక పెద్దావిడ మీద ఆమె రాస్తున్న మొదటి వ్యాసానికి చోటు ఉంచాను.

శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ చేతులతో వచ్చింది.

"ఇవ్వలేనండీ. ఆవిడ ఒప్పుకోలేదు."

"ఏమంది?"

"'పొగ రాసినవ్, కాలిన వేళ్లు రాసినవ్. మా ఇంట్ల రెండు కప్పుల చాయ్ తాగి, నా ముచ్చట్లకు మస్తు నవ్వినవ్ గదా, అదేడ పోయింది బేటీ? అందర్నీ నా మీద జాలిపడమంటవా?' అందండి."

"పేజీ ఆగదమ్మా. మళ్లీ చోటు దొరుకుతుందని చెప్పలేను."

"తెలుసండీ" అని వెళ్లిపోయింది. ఆ జాగాలో పావురాల ఫొటో ఒకటి వేసి సర్దేశాను.

రెండు వారాలకు కొత్త ప్రతి తెచ్చింది. పొగ ఉంది, కాలిన వేళ్లూ ఉన్నాయి. వాటి మధ్య ఆ పెద్దావిడ, గంటసేపు బేరమాడి కొనకుండా పోయే ఆడవాళ్ల గొంతులు అనుకరిస్తూ కూర్చుని ఉంది. చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది.

"ఈసారి ఏమందమ్మా?"

"'గిప్పుడు ఇది నేనే. ఒక్క ముక్క గూడ కొట్టేయొద్దని మీ సార్‌కు చెప్పు' అందండి" అంది, కొంచెం భయపడుతూనే.

వ్యాసం పావు కాలమ్ ఎక్కువైంది. పక్కనే నేను వారం వారం రాసే శీర్షికను ఆ మేరకు కోసి, ఆమె వ్యాసాన్ని మొత్తం వేశాను.