జేరు, జబరు లేని ఉత్తరం

అరబీ చదవడం నాకు ఏడేళ్ళప్పుడే వచ్చింది. అర్థం చేసుకోవడం మాత్రం రాలేదు. కడపలో మా వీధిలో అందరూ ఆపా, అంటే అక్క, అని పిలిచే ఒకావిడ తన ఇంటి వరండాలో చాప పరిచి, ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. అక్షరాలు కూడబలుక్కోవడంతో మొదలుపెట్టి రెండేళ్ళలో మొత్తం చదివేశాను. అందులో ఒక్క వాక్యానికీ నాకు అర్థం తెలియదు. మా వీధిలో చాలామందికి తెలియదు. అదొక లోటని ఎవరికీ తోచలేదు. బళ్ళో తెలుగు, ఇంట్లో ఉర్దూ, నమాజుకు అరబీ. దేని చోటు దానిదే.

ఎనభైల చివర్లో నాకు పెళ్ళయింది. మా ఆయన అప్పటికే ఒమన్‌లో, నిజ్వా దాటి కొండల వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊళ్ళో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే ఉద్యోగం చేస్తున్నారు. ఏడాది తిరిగేసరికి నాకూ వీసా వచ్చింది. మస్కట్‌లో దిగి, ఆ రాత్రి ఆయన స్నేహితుల ఇంట్లో పడుకుని, తెల్లారి ఒక పికప్‌లో బయలుదేరాం. నేను దుబాయి ఫోటోల్లో చూసిన మేడల కోసం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి మట్టిరంగు ఇళ్ళు, ఖర్జూరపు తోటలు, వాటి వెనక చెట్టన్నది లేని కొండలు కనిపించాయి. బండి అక్కడే ఆగింది.

మా క్వార్టరుకు ఆనుకుని ఒక పెద్దామె ఇల్లు ఉండేది. మూడో రోజు పొద్దున ఆమె ఒక చేత్తో కహ్వా కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. నల్లటి బక్కపలుచని మనిషి, తల మీద ఎర్రపూల గుడ్డ. నాకు అరబీ మాట రాదు, ఆమెకు ఉర్దూ రాదు. ఆమె నా వంటింటి గిన్నెల మూతలన్నీ తీసి చూసింది. చింతపండు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. చిన్న కప్పులో కహ్వా పోసి ఇచ్చింది. తాగాను. మళ్ళీ పోసింది. అలా ఆరుసార్లు తాగాక, చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలని ఆమే నా మణికట్టు పట్టుకుని చూపించింది.

వెళ్ళబోతూ గూట్లో ఉన్న ఖురాన్ చూసి, చదవమని సైగ చేసింది. ఒక పేజీ చదివాను. ఆమె కింద కూర్చుండిపోయింది. నేను ఆపగానే ఏదో అడిగింది. మా ఆయన నేర్పిన రెండు ముక్కల్లో ఒకటి వాడాను. "మా అరఫ్" అన్నాను. తెలియదు అని. ఆమె నమ్మలేదు. పుస్తకం వైపు, నా నోటి వైపు చూపించి మళ్ళీ అడిగింది. మళ్ళీ తెలియదన్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాక ఆమె గోడ మీంచి ఆయన్ని పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఆయన నవ్వుకుంటూ లోపలికి వచ్చారు.

"ఏమంటోంది?"

"నీ పెండ్లాం నోటికి కండ్లున్నాయి, చెవుల్లేవు అంటోంది. ఆమెకేమో చెవులున్నాయంట, కండ్లు లేవంట."

అరబీ మాట్లాడటం నాకు ఆమె దగ్గరే వచ్చింది. ఫలజ్ గట్టు మీద వచ్చింది అనడం ఇంకా నిజం. కొండ అడుగు నుంచి ఊటనీళ్ళను ఊళ్ళోకి తెచ్చే రాతికాలవను ఫలజ్ అంటారు. దానికో వరస ఉంది. ఊరి పైన తాగే నీళ్ళు పట్టుకోవాలి. కాస్త కిందికి స్నానాలు, ఇంకా కిందికి అంట్లు, బట్టలు. ఆ తరవాతే నీళ్ళు తోటల్లోకి పోతాయి. మొదటి వారం నేను తెలియక తాగే నీళ్ళ చోట దుప్పటి ఉతకబోతే పెద్దామె పరుగెత్తుకొచ్చి దుప్పటి లాక్కుంది. ఆ రోజు నేర్చుకున్న మాటలు మంచివి కావని తరవాత తెలిసింది.

ఆరేడు నెలలకు ఆమె మాటలు నాకు సగం పైగా అర్థమయ్యేవి. నన్ను "యా బింతీ" అనేది, కూతురా అని. నేను "ఉమ్మీ" అనేదాన్ని, అమ్మా అని. ఎందుకో ఆమె అరబీ నా చెవిలో పడేసరికి కడప మాటగా మారిపోయేది. ఇప్పటికీ అలాగే గుర్తుంది.

ఒక సాయంత్రం ఆమె నా గుమ్మంలో కూర్చుని ఒక కవరు తీసింది. ఆమె చిన్నకొడుకు సలాలాలో సైన్యంలో ఉన్నాడు. రెండు నెలలకో ఉత్తరం రాస్తాడు.

"నువ్వు నాకు అచ్చరాలు నేర్పల్ల," అంది.

"ఎందుకు ఉమ్మీ? నీ మరిది చదువుతాడు కదా."

"వాడు చదివేది చూసినావా నువ్వు? ఇంత కాగితం రెండు పక్కలా చూస్తాడు. 'బాగుండాడంట, సలాం చెప్పినాడు' అంటాడు. మడిచి ఇచ్చేస్తాడు. బాగుండానని చెప్పేదానికి ఇన్ని గీతలు ఏమిటికమ్మా? నా కొడుకు రాసినన్ని మాటలూ నాకు కావల్ల."

నేను టీచర్‌ని కాను. పదో తరగతి తప్పి మళ్ళీ రాసి పాసైన మనిషిని. ఆ మాటే చెప్పాను. ఆమె పట్టించుకోలేదు. నాలుగు రోజుల తరవాత, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక నా వరండాలో చాప పరిచి ఆమే కూర్చుంది. తనతో పాటు ఫలజ్ పక్కింటి అక్కాచెల్లెళ్ళు ఇద్దరినీ, దుకాణం ఆయన భార్యనూ తెచ్చింది.

బోర్డు లేదు. ఆరోగ్య కేంద్రానికి కొత్త గది కడుతున్న పనివాళ్ళలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక వడ్రంగి ఉండేవాడు. తెలుగు మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో మేము కాక ఆయన ఒక్కడే. నేను అడిగిన రెండో రోజుకే సైట్‌లో మిగిలిన ప్లైవుడ్ ముక్కకు నల్లరంగు వేసి భుజాన మోసుకొచ్చాడు.

"గిది నడుస్తదా చెల్లె? రంగు ఇంకా పచ్చిగనే ఉంది, రేపటిదాక ముట్టకుండ్రి."

"చాలా బాగుందన్నా. చాక్‌పీసులు ఎక్కడ దొరుకుతాయో."

"మా దగ్గర గోడకు గీతలు కొట్టే సుద్దుంటది, తెస్త. ఎవలికి చదువు చెప్తవ్?"

చెప్పాను. "అరబ్బోళ్ళకు అరబీ నువ్వు చెప్తవా?" అన్నాడు. నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

కడప ఆపా నాకు నేర్పిన పద్ధతొక్కటే నాకు తెలిసింది. తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము ఉన్నట్టే అరబీలో అక్షరం మీదా కిందా చిన్న గీతలుంటాయి. వాటిని ఉర్దూలో జబర్, జేర్, పేష్ అంటాం. అక్షరం మీద గీత ఉంటే జబర్, 'అ' పలుకుతుంది; కింద ఉంటే జేర్, 'ఇ'; మీద చిన్న మెలిక ఉంటే పేష్, 'ఉ'. మొదటి రోజు బోర్డు మీద రాసి, ఆపా రాగంలోనే మొదలుపెట్టాను. "అలిఫ్ జబర్ అ. బే జబర్ బ."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుకాణం ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బే ఏంది? బా గదా," అంది పెద్దామె. "ఆ జబర్ ఎవురు?"

వాళ్ళ భాషలో ఆ గీతల పేర్లు వేరు. అవి నాకు తెలియవు, చదువుకోని వాళ్ళకూ తెలియవు. చివరికి నా పేర్లే ఖాయమయ్యాయి. ఆ ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు జేరు, జబరు అంటూ అరబీ నేర్చుకున్నారు. నా ఉచ్చారణను మాత్రం వాళ్ళు వదిలిపెట్టలేదు. గొంతులోంచి రావలసిన అక్షరాన్ని నేను నాలుకతో పలికినప్పుడల్లా అక్కాచెల్లెళ్ళు నన్ను ఆపి, సరిగ్గా వచ్చేదాకా పలికించేవాళ్ళు. క్లాసులో సగం సేపు విద్యార్థిని నేనే.

ఊళ్ళో పిల్లలు వాడి వదిలేసిన ఒకటో తరగతి వాచకం ఒకటి దొరికింది. అందులో అన్ని అక్షరాలకూ గీతలుండేవి, కాబట్టి నాకు ఇబ్బంది లేదు. నేను "బైతున్" అని చదివితే నలుగురూ ఒక్కసారి "ఇల్లు" అని గోడవైపు చూపించేవాళ్ళు. అలా వాళ్ళకు చదువూ, నాకు అర్థమూ ఒకే సాయంత్రం వచ్చేవి. ఆ వాచకం పన్నెండో పాఠాన్ని పెద్దామె మేక తినేసింది. అందుకని పదకొండు తరవాత పదమూడు చెప్పాను.

వేసవిలో ఖర్జూరాలు కోతకొచ్చినప్పుడు నెలన్నర క్లాసు లేదు. అందరూ తోటల్లోనే. నేనూ వెళ్ళి గెలల నుంచి రాలిన పండ్లు ఏరి, చాపల మీద ఎండబెట్టేదాన్ని. చేతులు రోజంతా జిగటగా ఉండేవి. మధ్యాహ్నం తోట నీడలో అందరం ఒకే పళ్ళెంలో అన్నం, ఎండుచేప తిని, కాలవలో కాళ్ళు పెట్టుకుని పడుకునేవాళ్ళం. ఒకసారి పులిహోర కలిపి తీసుకెళ్ళాను. ఫలజ్ పక్కింటి అక్కాచెల్లెళ్ళలో అక్క తిన్నది. చెల్లెలు ఒక్క ముద్ద తిని, ఈ అన్నం పాడైపోయిందని నెమ్మదిగా నా చెవిలో చెప్పింది. మా అమ్మకు ఉత్తరంలో ఇవన్నీ రాసేదాన్ని. నువ్వు అక్కడ చదువు చెప్తున్నావో, తిని పడుకుంటున్నావో తెలియడం లేదని ఆమె జవాబు రాసింది.

కోతలు ముగిసి, ఎండ తగ్గాక కొడుకు ఉత్తరం వచ్చింది. ఈసారి పెద్దామె దాన్ని మరిది ఇంటికి తీసుకెళ్ళలేదు. తిన్నగా నా దగ్గరికి తెచ్చింది.

"మొదట నువ్వు చదువు. తరవాత నేను చదువుతా," అంది.

కాగితం విప్పాను. చేతిరాత. ఒక అక్షరం మీదా గీత లేదు. కింద లేదు. అరబీ రోజువారీ రాతలో ఆ గీతలు రాయరని, పెద్దవాళ్ళు అవి లేకుండానే చదువుకుంటారని నాకు తెలుసు. కానీ అలాంటిది చదవవలసిన అవసరం నాకు ఏనాడూ రాలేదు. తలకట్టు, గుడి, కొమ్ము ఏమీ లేకుండా ఉత్త హల్లులు రాసిస్తే మనం ఏం చదువుతాం? మొదటి వరస మూడుసార్లు చూశాను.

"నాకు రాదు ఉమ్మీ," అన్నాను. "జేరు, జబరు లేకపోతే నేను చదవలేను."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఏడాది పాటు రాని చదువు చెప్పానని నా మీద నాకే కోపంగా ఉంది. ఆమె కాగితం తీసుకుని ఒడిలో పెట్టుకుంది. వేలు పెట్టింది. మొదటి మాట దేవుడి పేరు, అది చూడకుండానే వచ్చేది. రెండో మాట దగ్గర వేలు ఆగింది.

"అలిఫ్. మీమ్. యా." పెదవులు కదిపింది. "అమీ? ఇమీ?" ఆగింది. తరవాత మెల్లగా అంది, "ఉమ్మీ."

మాట తెలిసిన మనిషికి గీతలు అక్కర్లేదు. ఎక్కడ ఏది పెట్టాలో ఆమె చెవే చెప్పింది. ఆ మాట మీద వేలు అలాగే ఉంచి చాలాసేపు కూర్చుంది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. టీ కంటే ముఖ్యంగా, ఆమెను కాసేపు ఒంటరిగా వదలాలనిపించింది.

ఉత్తరం మొత్తం చదవడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం క్లాసులో అయినంత వరకు చదివేది. సలాలాలో వానజల్లు ఆగిపోయినా కొండలు ఇంకా పచ్చగా ఉన్నాయట. మెస్సులో పప్పు మట్టిలా ఉంటుందట. గోధుమరంగు మేక ఈనిందా అని అడిగాడు. నీ పన్ను నొప్పి తగ్గిందా, పక్కింటి హిందీ ఆయన దగ్గర మందు తీసుకున్నావా అని అడిగాడు. అంటే మా ఆయన; ఇండియా మనిషెవరైనా వాళ్ళకు హిందీయే.

"చూసినావా," అంది పెద్దామె, "ఇదంతా మా మరిది మింగేసేవాడు."

మూడో రోజు ఒక వాక్యం దగ్గర ఆమె మొహం వెలిగిపోయింది. అక్కడ కొడుకు చదువు మోస్తున్నాడని రాశాడట. ఆఫీసర్లు వాణ్ణే ఎంచి ఇచ్చారట. మా వాడు పెద్ద చదువు చదువుతున్నాడని ఫలజ్ దగ్గర అందరికీ చెప్పింది. ఊరంతా పాకి, ఆ మాట మరిది చెవిన పడింది. ఆయన వచ్చి ఉత్తరం అడిగాడు. పొడవాటి తెల్లగడ్డం, నిదానమైన మనిషి. చదివి, తల ఊపాడు.

"చదువు కాదు వదినా. అది అలమ్. జెండా. పెరేడ్‌లో జెండా మోసేది వీడికిచ్చినారు."

అలమ్ అంటే జెండా, ఇల్మ్ అంటే చదువు. గీతలు తీసేస్తే రెండూ ఒకే రాత. పెద్దామె కాగితాన్ని మళ్ళీ చూసింది. సిగ్గుపడుతుందేమో అనుకున్నాను.

"జెండా కూడా మంచిదే," అంది. "మరి ఇన్నేండ్లలో ఇంత మాట నువ్వు ఎప్పుడన్నా చెప్పినావా నాకు?"

మరిది కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "ఆడమనిషికి ఇవన్నీ ఏమిటికిలే అనుకున్నా," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆమె ఆయనకు కహ్వా పోయలేదు. నేనే పోశాను. మరుసటి వారం నుంచి ఆయన భార్య కూడా క్లాసుకు వచ్చింది. ఆయనే పంపాడు.

ఆ తరవాతి ఏడాది ఊరి బళ్ళో ప్రభుత్వం పెద్దవాళ్ళ క్లాసు పెట్టింది. సూడాన్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఎత్తైన మనిషి, తెల్లటి వోణీలాంటి బట్ట ఒళ్ళంతా చుట్టుకుని, ఎప్పుడూ తొందర లేకుండా నడిచేది. నా విద్యార్థులు ఐదుగురినీ పరీక్షించి రెండో తరగతిలో కూర్చోబెట్టింది. వీళ్ళు అక్షరాలకు ఇండియా పేర్లు చెబుతున్నారేమిటని అడిగిందట. అందరూ నా ఇంటివైపు చూపించారట.

నాకు కొంచెం దిగులనిపించింది, అబద్ధమెందుకు. అసర్ తరవాత వరండా ఖాళీగా ఉండేది. నాలుగు రోజులు అలా గడిచాక పెద్దామె వచ్చి నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టింది.

"లెయ్యి. నీకు గీతలు లేకుండా చదివేది ఎవురు నేర్పల్ల?"

రిజిస్టరులో పేరు లేకపోయినా టీచరమ్మ నన్ను కూర్చోనిచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళ పక్కన బెంచీ మీద నేనూ రెండో తరగతి చదివాను. ఆ చలికాలానికి నాకు ఏడో నెల. చిన్నపిల్లల బెంచీ, నడుము పట్టేసేది. పెద్దామె ఇంటి నుంచి ఒక దిండు తెచ్చి నా వెనక పెట్టి, డిక్టేషన్ చెప్పేటప్పుడు నా నోటుబుక్కు వైపు మెడ చాచి చూసేది. టీచరమ్మ చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగేది.