సుదర్శనం బావ మూడో సీసా

మా బావ సుదర్శనం తన జన్మలో ఒక గ్లాసు బీరు పూర్తిగా తాగిన మనిషి కాదు. నాలిక తడుపుకుని, మొహం అదోలా పెట్టి, గ్లాసు పక్కకి జరిపేవాడు. అలాంటివాడు ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళ జాతీయ పోటీకి డైరెక్టరు ఎలా అయ్యాడని మా చుట్టాలు ఇప్పటికీ నన్నే అడుగుతారు. నేనేం చెప్పను? ఏదైనా పులుస్తుంటే చాలు, ఆ మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

బావది బందరు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి డెట్రాయిట్ వచ్చి, కార్లకు వేసే రంగులు తయారుచేసే ల్యాబ్‌లో చేరాడు. ఆ ఊరి పక్కనే ఉన్న నోవైలో ఇల్లు కొన్నాడు. మా ఆయన రవికుమార్‌కి కూడా అక్కడే ఉద్యోగం రావడంతో మేమూ అదే వీధిలో దిగాం. మా అక్క ఆండాళ్‌కి ఆ చలిలో ఇడ్లీ పిండి పులిసేది కాదు. బావ ఆ సంగతి ల్యాబ్ పనిలా నెత్తిన వేసుకున్నాడు. పిండి గిన్నెని బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన పెట్టి, థర్మామీటరు గుచ్చి, దుప్పటి కప్పి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఇడ్లీలు మాత్రం దూదిలా వచ్చేవి, అది ఒప్పుకోవాలి.

ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవచ్చని చట్టం మారిన కొత్తలో, అంటే డెబ్భై తొమ్మిదిలో, బావ ల్యాబ్‌లో పనిచేసే ఎడ్ నోవాక్ తన గరాజ్‌లో బీరు మొదలుపెట్టాడు. చలికి అది పులవకుండా మొరాయించింది. ఇడ్లీ పిండి కథ లంచ్ టేబుల్ దగ్గర విన్నాడు కాబట్టి బావని పిలిచాడు. బావ వెళ్ళి డ్రమ్ముకి దుప్పటి చుట్టి వచ్చాడు. రెండు రోజులకి ఎడ్ ఫోన్ చేసి, బీరు బుడగలు వేస్తోందని కేకలు పెట్టాడు. అంతే, అప్పటినుంచి ఆదివారాలు బావ ఆ గరాజ్‌లోనే.

అక్క ఒక్క మాట అనేది కాదు. బావ ఇంటికి రాగానే చొక్కా తీయించి వాషింగ్ మెషీన్‌లో పడేసేది. బీరు ఎలా వచ్చిందని మాత్రం పొరపాటున కూడా అడిగేది కాదు. ఆవిడ కోపం అలాగే ఉంటుంది, చప్పుడు చెయ్యదు. నాదైతే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఎడ్ లాంటివాళ్ళంతా చేరి పెట్టుకున్న క్లబ్బు మొదటి పోటీ ఒక చర్చి బేస్‌మెంట్‌లో పెట్టింది. నల్ల బీరూ తెల్ల బీరూ అన్నీ ఒకే బల్ల మీద, ఎవరి స్నేహితుడికి వాళ్ళు మార్కులు. బావకి ఒళ్ళు మండింది. 'నల్ల పెయింటునీ తెల్ల పెయింటునీ ఒకే చార్టు పక్కన పెట్టి చూస్తారా ఎవరైనా?' అని గొడవ పెట్టుకున్నాడు. మరుసటి ఏడు రకాలవారీగా బల్లలు వేశారు. ఆ పై ఏడు సీసాల మీద పేర్లు తీసేసి నంబర్లు అంటించారు. గొడవపెట్టినవాడికే పని అప్పగించడం ఆ దేశంలోనూ ఉంది. బావ పోటీ డైరెక్టరు అయ్యాడు.

ఎనభై అయిదులో జాతీయ పోటీ నోవైకి వచ్చింది, దానికీ బావే డైరెక్టరు. వచ్చిందంటే సంతోషంగా రాలేదు. అంతకుముందు రెండేళ్ళు పెట్టిన ఊళ్ళలో హాలు అద్దె, ఐసు, జడ్జీల హోటలు, భోజనాలు అన్నీ కలిసి క్లబ్బుల నడ్డి విరిచాయి. పైగా వచ్చిన సీసాలన్నీ ఒక్క పూటలో రుచి చూసేసరికి సాయంత్రానికి జడ్జీల నాలికలు మొద్దుబారి, చివర వచ్చిన మంచి బీర్లు గాలికి పోయాయి. జాతీయ కమిటీ నుంచి హెన్షా అనే పెద్దమనిషి వచ్చి మొహమాటం లేకుండా చెప్పాడు: 'ఈసారి కూడా ఇలాగే అయితే ఇదే ఆఖరు. ఇక జాతీయ పోటీ ఉండదు.'

ఆ రోజు ఇంటికొచ్చిన బావని చూసి నాకు జాలేసింది. ల్యాబ్‌లో ఆయనకి ప్రమోషన్ ఇచ్చేవాళ్ళు కాదు. ఆయన మాట తీరు మీటింగుల్లో ఎవరికీ అర్థం కాదని అనేవారు. ఈ బీరు మనుషులు మాత్రం ఆయన నోరు తెరిస్తే పెన్సిలు పట్టుకుని వినేవారు. అమెరికాలో ఆయనకంటూ దొరికిన చోటు అదొక్కటే. అది పోతుందని ఆయనకి భయం వేసింది. అది ఆయనే నాతో అన్నాడు.

బావ కొత్త పద్ధతి ఆలోచించాడు. పోటీ రెండు రౌండ్లు. పొద్దున్న మొదటి రౌండులో నెగ్గినవే మధ్యాహ్నం ఫైనల్‌కి. అందుకని ఒక్కొక్కరూ మూడు సీసాలు పంపాలి. మొదటి రౌండుకి ఒకటి, ఫైనల్‌కి ఒకటి, మూడోది ముట్టకుండా దాచాలి; సీసాలన్నీ ఉండేది చల్లటి గదిలో.

'మూడోది ఎందుకు?' అన్నాడు హెన్షా. 'పార్సిల్ ఖర్చు దండగ. చల్లటి గది అద్దె దండగ.'

'మా ల్యాబ్‌లో ప్రతి రంగులోనూ ఒక డబ్బా పక్కన పెడతాం. ఏదైనా తేడా వస్తే చూడ్డానికి అదొక్కటే దిక్కు.'

'ఇది పెయింట్ కాదు.'

బావ బేరం పెట్టాడు. 'మూడో సీసా ఉంచండి. దానికి బదులు జడ్జీల లంచ్ ఖర్చు నేను పూర్తిగా తీసేస్తాను.' హెన్షా సరే అన్నాడు.

ఆ లంచ్ ఎవరు చేస్తారో బావకే తెలియదు. ఇంటికొచ్చి సంగతి చెప్పి సోఫాలో కూలబడితే, అక్క వంటింట్లోంచే అంది: "ఎంతమంది?"

"నలభైమంది దాకా."

"పెళ్ళిళ్ళలో ఇంతకంటే ఎక్కువమందికి వండలేదూ? నేనూ, నళినీ, శాంతీ చేసేస్తాం."

నళిని అంటే నేనే. శాంతి షికాగో పక్కనున్న షామ్‌బర్గ్ నుంచి ఈ మధ్యే నోవైకి మారిన డాక్టరమ్మ. నన్ను అడగకుండానే నా పేరు చెప్పేసిందని నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ, ఆరేళ్ళలో అక్క ఆ బీరు వ్యవహారం గురించి నోరు విప్పడం అదే మొదటిసారి. వెంటనే సరే అన్నాను.

బావ మెనూ మీద ఆంక్షలు పెట్టాడు. కారం వద్దు. వెల్లుల్లి వద్దు. ఇంగువ వద్దు. పోపులో ఆవాలు కూడా వద్దు. జడ్జీల నాలిక పాడవకూడదు.

"బావా, ఇది భోజనమా, పథ్యమా?" అన్నాను.

"ఫైనల్ అయ్యాక నీ ఇష్టం నళినీ. మిరపకాయ బజ్జీలు వేసుకో, నేనే తింటాను."

ఆ మాట మీద అక్క పెద్ద సంచీడు సెనగపిండి కూడా కారెక్కించింది.

పోటీ రోజు పొద్దున్న మొదటి రౌండు చక్కగా నడిచింది. బావ ఏమీ తినకుండా బల్లల మధ్య తిరుగుతున్నాడు. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, ఆనపకాయ కూర, పెరుగు పెట్టాం. జడ్జీలు సగంమంది గడ్డాలూ మీసాలూ పెంచిన భారీ మనుషులు. మొహమాటపడుతూ కూర్చున్నారు, మొహమాటం మర్చిపోయి తిన్నారు. అక్క కొసరి కొసరి వడ్డించింది. హెన్షా అయితే చెంచా పక్కన పెట్టి వేళ్ళతోనే లాగించాడు. నాకు ముచ్చటేసింది కూడా.

ఫైనల్ మొదలైంది. రెండో సీసాలు తెరిచారు. గ్లాసులో పోసిన బీరు మీద నురగ లేచింది, జడ్జీలు పెదవి ఆనించారు, నురగ చచ్చిపోయింది. ఒక బల్ల మీద కాదు, అన్ని బల్లల మీదా. బీరు పోటీలో నురగకి మార్కులుంటాయి. జడ్జీలు వరసగా సున్నాలు వేస్తున్నారు.

హెన్షా లేచి నిలబడ్డాడు. 'నీ చల్లటి గది సరుకంతా పాడుచేసింది. మొత్తం పోటీ పోయింది.'

బావ ఒక సీసా తీసుకుని కొత్త గ్లాసులో పోసి తనే నాలిక తడుపుకున్నాడు. నురగ అలాగే నిలిచింది. అదే గ్లాసు హెన్షాకి ఇచ్చాడు. హెన్షా మీసం తగిలిన చోట నురగకి గుండ్రంగా చిల్లులు పడ్డాయి. బావ వంగి ఆ చిల్లులనే చూస్తూ ఉండిపోయాడు. కారు తలుపు మీద నూనె చుక్క ఉంటే, పైన వేసిన రంగు అక్కణ్ణుంచి తప్పుకుని అచ్చం అలాంటి చిల్లులే పడతాయి. ఆయన ఉద్యోగమే ఆ చిల్లులు పడకుండా చూడడం. తలెత్తి హెన్షా మీసం చూశాడు. నిగనిగా మెరుస్తోంది.

"ఆండాళూ," అన్నాడు, "అన్నంలో నెయ్యి వేశావా?"

అక్క హాలు వెనకున్న వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "వెయ్యకుండా అన్నం ఎలా పెడతారండీ?"

నిజమే కదా. కారం వద్దన్నాడు, వెల్లుల్లి వద్దన్నాడు, ఆవాలు వద్దన్నాడు. ఉత్త పప్పూ అన్నమూ అతిథి ముందు పెట్టి, గరిటెడు నెయ్యి వెయ్యకపోతే అది అన్నమే కాదు. నెయ్యి వద్దని చెప్పాలన్న ఊహ బావకీ రాలేదు, అడగాలన్న ఊహ మాకూ రాలేదు.

బావ హెన్షాకి సంగతి చెప్పాడు. 'ఎవరు వేశారు ఆ వెన్న?' అని గట్టిగా అడిగాడు హెన్షా. హాలంతా అక్క వైపు చూసింది. అక్క మొహం చిన్నబోయింది. నేను ఆయన మీదికి వెళ్ళబోయాను. మూడు సార్లు మారు వడ్డించుకున్న మనిషి అడిగే ప్రశ్నేనా అది!

బావ నాకంటే ముందు మాట్లాడాడు. 'మెనూ నాది. తప్పు నాది. నూనె సంగతి ఈ హాలులో అందరికంటే నాకే ఎక్కువ తెలియాలి.' ఆ మాట ఇంగ్లీషులో అన్నాడు, నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కా అందరికీ అర్థమయ్యేలాగా. తర్వాత, 'మూడో సీసా ఉంది' అన్నాడు.

హెన్షా కూర్చున్నాడు. 'మూతులు ఏం చేద్దాం?' అన్నాడు. సబ్బు పెడితే ఆ వాసనకి బీరు వాసన తెలియదట. ఉత్త నీళ్ళకి నెయ్యి వదలదు.

వంటింట్లోకి వెళ్ళేసరికి అక్క కళ్ళు తుడుచుకుంటోంది. "ఆ మనిషి ఆరేళ్ళ కష్టం నా చేత్తో నేలపాలు చేశానే," అంది. నేను సబ్బు సంగతి చెప్పాను. అక్క ఏడుపు ఆపి నావైపు విసుగ్గా చూసింది. "తలంటుకి నూనె దేంతో వదిలిస్తామే మనం? సెనగపిండి ఉందిగా!"

ఆ తర్వాత జరిగింది చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. అమెరికాలో అన్ని మూలల నుంచీ వచ్చిన బీరు పండితులు సింక్ ముందు వరసకట్టారు. అక్క తలా గుప్పెడు పిండి చేతిలో వేసి, 'రుద్దండి, బాగా రుద్దండి' అని చేత్తో చూపించింది. శాంతి గోరువెచ్చటి నీళ్ళు పోసింది. సరిగా రుద్దుకోని గడ్డాలని నేను వెనక్కి పంపించాను. హెన్షాని రెండుసార్లు పంపించాను, అందులో నా కక్ష కూడా కొంత ఉంది. ఎడ్ గ్లాసులన్నీ వాషింగ్ సోడాతో కడిగి బోర్లించాడు. బావ చల్లటి గదికి వెళ్ళి మూడో సీసాలు తనే మోసుకొచ్చాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

అక్క మళ్ళీ హాలులోకి రానంది. గిన్నెలు తోముతూ వెనక్కి తిరిగి నిలబడింది. నేను పిలిచినా కదల్లేదు.

ఫైనల్ అయ్యాక బావ వంటింట్లోకి వచ్చాడు. హెన్షా కమిటీ మాట చెప్పాడట. పోటీ వచ్చే ఏడూ ఉంటుంది. మూడు సీసాలూ అందరికీ రూలు. జడ్జీలకి భోజనం ఫైనల్ అయ్యాకే, కానీ ఈ భోజనమే కావాలట. ఇదంతా నేను గుమ్మంలో విన్నాను. అక్క వినలేదు, కుళాయి ధారగా వదిలింది. బావ సింక్ పక్కకి వచ్చాడు. ఆయన చేతిలో ఒక గ్లాసు ఉంది.

అక్క కుళాయి కట్టేసింది. తిరిగి చూడకుండానే, ఆరేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

"నురగ నిలబడిందా అండీ?"

బావ గ్లాసుని ఆవిడ కళ్ళ ముందు, కిటికీ వెలుగులో పెట్టాడు. జడ్జీలు చాలామంది పెదవి ఆనించిన గ్లాసది. పైన నురగ తెల్లగా, ఒక్క చిల్లు లేకుండా ఉంది.

"చూడు," అన్నాడు.